రొట్టె తీసుకోని మనిషి

నేను నెమ్మదిగా కోప్పడాలి. కర్నూలు డాక్టరమ్మ చెప్పింది, కోపం వచ్చినా ఏడుపు వచ్చినా ఊపిరి మాత్రం గబగబా తీయకూడదట. తీస్తే రక్తంలో ఉన్న ఆ కాస్త కాల్షియం కూడా పనికి రాకుండా పోతుందట, వేళ్లు కొంకర్లు పోతాయట. అందుకని ఈ ఆదివారం పొద్దున మా ఊరి గుడిలో, ఆడవాళ్ల వైపు మూడో వరుసలో, జంబుఖానా మీద బాసింపట్టు వేసుకొని, నాలుగు లెక్కపెట్టి గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టి వదులుతూ, సంఘ పెద్దల మీద ఒక్కొక్కరి మీదా వరసగా కోప్పడుతున్నాను. ముందు బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ కింద స్టీలు పళ్లెం, పళ్లెంలో రొట్టె. రొట్టె అంటే కమలాపురం బేకరీ బ్రెడ్డే, అంచులు తీసేసి చిన్న చిన్న ముక్కలుగా కోసింది. మా పాస్టరు గాబ్రియేలు అయ్యగారు ప్రార్థన ముగించాక ఆ పళ్లెం పట్టుకొని వరసల మధ్య తిరిగేది మా నాయన, సుందరం, ఈ సంఘంలో పద్దెనిమిదేళ్లుగా పెద్ద. ఇంకో అరగంటలో ఆయన నా ముందుకు వచ్చి నిలబడతాడు. నేను ఆ రొట్టె ముట్టుకోను. ముట్టుకుంటే నా ఒంటికి పడదు. ముట్టుకోకపోతే ఇది వరసగా మూడోసారి అవుతుంది, మూడోసారికి నా పేరు సంఘం పుస్తకంలోంచి కొట్టేస్తారు. బాప్తిస్మం ఇచ్చిన నాడు జెస్సీ అని వాళ్లే రాసుకున్న పేరు.

పేరు కొట్టేయకుండా ఉండాలంటే ఒక దారి ఉంది, అది నిన్న సాయంత్రం నెహెమ్యా మామ మా ఇంటికి వచ్చి మంచం మీద కూర్చొని, చెంబుడు నీళ్లు తాగి, మూతి తుడుచుకొని చెప్పాడు. ఆయన కూడా పెద్దే, మా నాయన తర్వాత. "తల్లీ, రేపు ఎనకాల కూచ్చో. పళ్లెం నీ దాకా రాదు. నువ్వు వద్దనే పని ఉండదు, మేము కొట్టేసే పని ఉండదు. ఎవురికీ ఇబ్బంది లేదు." ఎవరికీ ఇబ్బంది లేదట. వెనకాల అంటే తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోటు. మా సంఘంలో తప్పు చేసినవాళ్లు, నెలకోసారి రొట్టె ఇచ్చే బల్ల ఆరాధన నాడు అక్కడ కూర్చుంటారు, పొమ్మని ఎవరూ చెప్పరు, వాళ్లకే తెలియాలి. నా చిన్నప్పుడు ఒకాయన భార్య ఉండగా ఇంకొకామెను తెచ్చుకొని ఏడాదిన్నర అక్కడ కూర్చున్నాడు. ఇప్పుడు నా పక్కనే కూర్చొని కునుకుతున్న గిడ్డమ్మవ్వ కొడుకు, తాగి అయ్యగారి కిటికీ మీద రాయి వేసి రెండు నెలలు కూర్చున్నాడు. పిల్లలం ప్రార్థనలో కళ్లు సగం తెరిచి వాళ్ల వైపు చూసేవాళ్లం, చూడొద్దన్నకొద్దీ చూసేవాళ్లం. ఇప్పుడు పిల్లలు నన్ను చూడాలన్నమాట. ఏం చేసిందక్కా అని గుసగుసలాడాలి. వాళ్లకు ఏమని చెబుతారు, రాగిసంగటి తిన్నది, గోధుమ తినలేదు, అందుకని చెప్పుల దగ్గర కూర్చోబెట్టాం అంటారా?

అనరు. చెప్పేది వేరే. నాలుగు, మూడు, రెండు, నెమ్మదిగా. నేను కమలాపురంలో తహశీల్దారు ఆఫీసు ఎదురుగా హనుమేష్ అన్న జిరాక్సు షాపులో టైపింగ్ చేస్తాను. హనుమేష్ అన్నకు నా వయసు కూతురు ఉంది. పోయిన నెల రెండోసారి నేను రొట్టె వద్దని తల అడ్డంగా ఊపాను, ఆ మంగళవారానికే కుళాయి దగ్గర మాట పుట్టింది, ఆ షాపులో ఏదో ఉంది, ఆ పిల్ల మనసులో ఏదో పెట్టుకుంది, లేకపోతే బల్లకు ఎందుకు దూరమవుతుంది అని. పాపం ఉన్నవాళ్లే రొట్టె తీసుకోరు, ఈమె తీసుకోలేదు, కాబట్టి ఈమెకు పాపం ఉంది. ఎంత సులువు! తొమ్మిదేళ్లుగా నాకు మూతి చుట్టూ చీమలు పాకినట్టు ఉంటోంది, ఒక్కరూ అడగలేదు. రెండు ఆదివారాలు రొట్టె వద్దన్నాను, ఊరంతా నా కడుపులో ఏముందో కనిపెట్టేసింది. నేను రోజుకు ఇరవై అర్జీలు టైపు చేస్తాను, పాసు పుస్తకంలో పేరు తప్పు పడిందని, బోరు నీళ్లు పక్కవాడు మళ్లించుకున్నాడని, పింఛను ఆగిందని. అందరి కోపమూ నా వేళ్ల మీదుగానే పోయింది. ఎంత మండిపడుతూ వచ్చినవాళ్లయినా కాగితం మీదికి వచ్చేసరికి తమరు దయతలచి అంటారు. నేను ఎవరినీ దయతలచమని అడగను. నాకు అరగని తిండి అరగదు అంటున్నాను, అంతే కదా, దానికి దయ ఎందుకు?

పాట మొదలైంది. హార్మోనియం ఇప్పుడు అయ్యగారి మేనల్లుడు వాయిస్తున్నాడు, రెండో చరణంలో ఎప్పుడూ తప్పుతాడు, ఇదిగో తప్పాడు. పంతొమ్మిదేళ్ల వరకు అది నేను వాయించేదాన్ని. మట్టల ఆదివారం నాడు, గుడి నిండా జనం, ఈ వేళ్లే హార్మోనియం మెట్ల మీద ఉండగా చెయ్యి దానంతట అది ముడుచుకుపోయింది, బొటనవేలు అరచేతిలోకి, మిగతా నాలుగూ ఒకదాని మీద ఒకటి, మణికట్టు లోపలికి వంగి. విప్పుదామంటే నా చెయ్యి నా మాట వినలేదు. తర్వాత ఒళ్లంతా కొట్టుకుంది. కళ్లు తెరిచేసరికి పది చేతులు నా తల మీద ఉన్నాయి, గాబ్రియేలు అయ్యగారు నా లోపల ఉన్నదాన్ని బయటికి పొమ్మని గద్దిస్తున్నారు. నా లోపల ఎవరున్నారు? నేనే ఉన్నాను. నేను ఎక్కడికి పోవాలి? ఆ భయంలో గబగబా ఊపిరి తీశాను, రెండో చెయ్యి కూడా ముడుచుకుంది, అదిగో బయటపడుతోంది చూడండి అన్నారు. ఆ రోజు నుంచి హార్మోనియం ముట్టనివ్వలేదు. ఆ దయ్యం నుంచి పూర్తిగా విడుదల వచ్చాక చూద్దాం అన్నారు. తొమ్మిదేళ్లయింది, ఎవరూ చూడలేదు, వీడు ఇంకా రెండో చరణంలో తప్పుతూనే ఉన్నాడు.

అసలు ఒళ్లు మండేది దేనికంటే, ఆ తర్వాత నాకు పెట్టిన తిండికి. మా ఇంట్లో పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పొద్దున సంగటి, రాత్రి జొన్నరొట్టె. నాకు ఫిట్స్ వచ్చాయనగానే మా అమ్మ జీవమ్మ సంగటి మానిపించింది. జబ్బు మనిషికి సంగటి అరగదు, బరువు, వాతం, తేలికగా బ్రెడ్డు పాలు పెట్టు, గోధుమరవ్వ జావ పెట్టు, రస్కులు పెట్టు. మా వైపు బ్రెడ్డు అంటేనే రోగుల తిండి, ఆసుపత్రిలో ఎవరినైనా చూడబోతే చేతిలో బ్రెడ్డు పొట్లం లేకుండా పోరు. కడప ఆసుపత్రిలో నా మంచం కింద ఏడు పొట్లాలు ఉండేవి, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ తెచ్చినవే, ప్రేమతో తెచ్చినవే. అమ్మ ఎండలో కమలాపురం దాకా పోయి బేకరీలో తాజాగా వచ్చేదాకా నిలబడి తెచ్చేది. కడుపు ఉబ్బేది, తిన్నది నిలిచేది కాదు, తూకం ముప్పై ఆరు కిలోలకు దిగింది. బిడ్డ నీరసపడింది, ఇంకో రెండు ముక్కలు పెట్టు అనేవాళ్లు. నేను చిక్కేకొద్దీ అమ్మ పెట్టేది, అమ్మ పెట్టేకొద్దీ నేను చిక్కేదాన్ని. అమ్మ మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు చూశాను. రాదు. రానందుకు ఇంకా కోపం వస్తుంది. ఇప్పుడు రెండో వరుసలో అమ్మ వీపు కనిపిస్తోంది, కొంగు తల మీద కప్పుకొని, ముందుకూ వెనక్కూ ఊగుతోంది, నా గురించే ప్రార్థన చేస్తోందని నాకు తెలుసు.

కడపలో ఒక నరాల డాక్టరు నాలుగేళ్లు ఫిట్స్ మాత్రలు మింగించాడు, మగతగా ఉండేది, వేళ్లు మాత్రం వంకర పోతూనే ఉండేవి. తర్వాత ఇంకొకాయన రక్తం పరీక్ష చేయించి కాల్షియం సగానికి సగం లేదని కనిపెట్టాడు, సంతోషం, మంచి మనిషే అనుకున్నాను. కాల్షియం బిళ్లలు, విటమిన్ బిళ్లలు రాశాడు. మూడు నెలలకు పోతే పెరగలేదు, ఆరు నెలలకు పోతే పెరగలేదు. అప్పుడాయన కాగితం బల్ల మీద పడేసి అన్నాడు, "మింగకుండా పారేస్తాండావు కదా, నిజం చెప్పు." మా నాయన వైపు తిరిగి అన్నాడు, పెళ్లి కాని ఆడపిల్లలు ఇట్లనే నాటకాలు ఆడతారు, మనసు కనుక్కోండి అని. నేను ఒక్క బిళ్ల పారేయలేదు. ఆ సుద్దముక్కల్లాంటి బిళ్లలు రోజుకు ఆరు, గొంతుకు అడ్డం పడినా మింగాను. మరుసటి రోజు నుంచి నేను బిళ్ల మింగేటప్పుడు నాయన గుమ్మంలో నిలబడి చూసేవాడు. నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించేదాన్ని. ఇరవై ఐదేళ్ల దాన్ని. అది మర్చిపోను.

చివరికి కర్నూలు, అక్కడ లక్ష్మీప్రియ అనే ఈ డాక్టరమ్మ. నా చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టి, వదలకుండా అట్లాగే పెట్టి, గడియారం చూస్తూ కూర్చుంది. రెండో నిమిషం దాటగానే చెయ్యి ముడుచుకుంది, అదే వంకర, అదే బొటనవేలు. అమ్మ స్తోత్రం స్తోత్రం అని లేచి నిలబడింది. డాక్టరమ్మ గాలి తీసేసింది, చెయ్యి విప్పారింది. "ఏమమ్మా, మీ దయ్యం గాలి సంచికి వచ్చి పోతాంది చూసినారా?" అంది. ఇన్నేళ్లలో మొదటిసారి నేను నవ్వాను, నవ్వి ఏడ్చాను. గొంతులో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగు ఉంటాయట, రక్తంలో కాల్షియం నిలిపేవి అవేనట, నావి పని మానేశాయట. థైరాయిడా, మా కోడలికీ ఉంది, పొద్దున్నే ఒక బిళ్ల వేసుకుంటే సరి అని ఇప్పటికి నలభైమంది చెప్పారు. అది కాదు మొర్రో అంటే వినరు. సరే, మరి బిళ్లలు ఎందుకు పట్టడం లేదు? ఆమె ఒక్కటే అడిగింది, ఎవరూ అడగని మాట. "రోజూ ఏం తింటావు?" అమ్మ గర్వంగా చెప్పింది, అన్నీ తేలికవే పెడతాండా మేడమ్, బ్రెడ్డు, రస్కు, గోధుమ జావ. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. తర్వాత రక్తపరీక్ష, గొంతులోంచి గొట్టం వేసి పేగులో చిన్న ముక్క తీసి పరీక్ష. సీలియాక్ అట. గోధుమలో ఉండే జిగురు నా పేగుకు పడదు, లోపలి పొర చదునైపోయింది, ఏది మింగినా ఒంటికి పట్టకుండా పోతోంది, కాల్షియమైనా సరే. నిలిపే గ్రంథి లేదు, పీల్చే పేగు లేదు. ఒకేసారి రెండూ. "మళ్లీ సంగటి తినుపో. జొన్నలు తిను, కొర్రలు తిను. నీ ఇంటి తిండే నీకు మందు." అమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూర్చొని తల కొట్టుకుంది. నేనే జేసినానే, నా చేత్తో నేనే పెట్టినానే అని. ఇంటికి వచ్చి రస్కుల డబ్బా దిబ్బలో పారబోసింది.

ఇందులో ఏముంది అర్థం కానిది? గాబ్రియేలు అయ్యగారు డిగ్రీ చదివినవారు. ఆయన దగ్గరికి రెండు నెలల కిందట నేనే అర్జీ టైపు చేసి, డాక్టరమ్మ కాగితం జిరాక్సు తీసి వెనకాల పిన్ను కొట్టి తీసుకుపోయాను. మొదట్లో నేనే తప్పు చేశాను, ఒప్పుకుంటున్నాను, దేవుని రొట్టె కదా, నెలకొక ముక్క కదా అని తీసుకుంటూనే ఉన్నాను. పేగు మానలేదని తేలాక డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాను. ఆమె తిట్టలేదు. ఆ ముక్క వల్లనే అని నేను చెప్పలేను, కానీ ఆ ముక్క కూడా వద్దు, నీకు మిగిలింది తక్కువ అంది. అందుకే అడిగాను, అయ్యగారూ, నా ఒక్కదానికి జొన్నరొట్టె ముక్క వేరే గిన్నెలో పెట్టండి అని. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బల్ల మీద గోధుమ రొట్టె తప్ప పెట్టే ఆనవాయితీ లేదమ్మా, ఇయ్యాల నీకు జొన్న, రేపు ఇంకొకరికి ఇంకొకటి అంటే యాడికి పోతాది అన్నారు. ఆ పైన మెల్లగా, ప్రేమగా, "విశ్వాసం ఉంటే ఏ హానీ చెయ్యదు తల్లీ" అన్నారు. నా విశ్వాసం కొలవడానికి నా పేగే దొరికిందా? ఆయనకు షుగరు ఉంది, క్రిస్మస్ లడ్డు ముట్టరు, మేమెవరమైనా ఆయన విశ్వాసం అడిగామా? మా నాయన కూడా నిన్న రాత్రి కంచం ముందు అన్నాడు. "చిటికెన గోరంత, మ్మే. నాలిక మీద పెట్టుకోని కొంగులో ఉమ్మెయ్. ఎవురు చూస్తారు?" దొంగతనంగా ఉమ్మేయాలట. పెద్దగా పద్దెనిమిదేళ్లు పళ్లెం మోసిన మనిషి, రొట్టెను కొంగులో ఉమ్మేయమన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా ముఖం చూడలేదు. నాకు దేవుడి మీద కోపం లేదు, ఒక్క రోజు కూడా లేదు. నేను నమ్ముతాను కాబట్టే ఉమ్మేయలేను, నమ్ముతాను కాబట్టే ఈ జంబుఖానా మీద నాకు చోటు కావాలి.

ఆరు లెక్కపెట్టి వదలాలి. మూతి చుట్టూ చీమలు మొదలయ్యాయి. సంచిలో బిళ్ల ఉంది, తీసి నమిలాను, గిడ్డమ్మవ్వ కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. అయ్యగారు గుడ్డ తీశారు. ఎవరిని వాళ్లు పరీక్షించుకోండి అన్నారు, అన్నాక ఒక్క క్షణం మా వైపు చూశారు. తొమ్మిదేళ్లుగా నన్ను పరీక్షిస్తూనే ఉన్నారు అయ్యగారూ, రక్తం తీశారు, గొట్టం వేశారు, నాలుక ఎత్తి చూశారు, ఇంకేం మిగిలింది? నాయన లేచాడు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, పళ్లెం అంచు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. మగవాళ్ల వైపు అయింది. ఆడవాళ్ల మొదటి వరస. రెండో వరసలో అమ్మ రెండు అరచేతులు చాచి తీసుకుంది, తీసుకొని నోట్లో పెట్టుకోకుండా తల వంచుకుంది. మూడో వరస గోడ వైపు నుంచి మొదలైంది. మొదటి మనిషి, రెండో మనిషి, గిడ్డమ్మవ్వ. తర్వాత నేను. నాయన గిడ్డమ్మవ్వ ముందు వంగి, లేచి, ఆగకుండా రెండడుగులు వేసి నన్ను దాటి, నా అవతల ఉన్న నెహెమ్యా మామ భార్య ముందు వంగాడు.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. రాత్రంతా ఆలోచించి ఉంటాడు. పళ్లెం నా ముందు ఆగకపోతే నేను వద్దన్నట్టు కాదు, వద్దనకపోతే మూడోసారి కాదు, పేరు కొట్టేయరు. ఎంత బాగా ఆలోచించావు నాయనా, నన్ను కాపాడ్డానికి నన్నే లేకుండా చేశావు. గిడ్డమ్మవ్వకూ నెహెమ్యా మామ భార్యకూ మధ్య జంబుఖానా ఖాళీ అన్నట్టు నడిచావు. కోపమూ ఏడుపూ కలిసి ఒకేసారి పొంగుకొచ్చాయి, నాలుగూ ఆరూ లెక్క ఎక్కడికో పోయింది. చెయ్యి చాచి పళ్లెం అంచు పట్టుకున్నాను.

"నాయనా, నన్ను అడుగు."

"ఊరుకో మ్మే," అన్నాడు, పెదాలు కదలకుండా.

"అందర్నీ అడిగినట్టే నన్నూ అడుగు."

నాయన నా ముందుకు వచ్చి వంగాడు. "తీసుకోమ్మా," అన్నాడు. ఆయన గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. నా గొంతు మాత్రం తలుపు దాకా వినపడాలని పెంచాను.

"నాకొద్దు నాయనా. పాపం జేసి కాదు, ఎవురితోనూ పోట్లాడి కాదు. ఇది నాకు పడదు, నాకు రోగం ఉండాది. నేను ఎనక్కి పోను. ఈడనే కూచ్చుంటా."

అప్పటికే వేళ్లు వంగిపోతున్నాయి. బొటనవేలు లోపలికి, మిగతావి దాని మీదికి, పళ్లెం అంచు మీదనే, అందరి కళ్ల ముందే. వెనకాల ఎవరో ప్రభువా అన్నారు. దాచుకోలేదు. చూడండి, బాగా చూడండి, దయ్యం కాదు, కాల్షియం. ముందు నుంచి గాబ్రియేలు అయ్యగారు, "సుందరం, ఇంక ముందుకు పోండి," అన్నారు. నాయన పోలేదు. నా చేతిని చూస్తున్నాడు. బిళ్ల మింగేటప్పుడు నా నోరు చూశాడు గానీ నా చెయ్యి ముడుచుకున్నప్పుడు ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు, ప్రతిసారీ బయటికి పోయేవాడు. వెనకాల ఇంకా నాలుగు వరసలకు రొట్టె అందలేదు. అయ్యగారు మళ్లీ పిలిచారు, ఈసారి కాస్త గట్టిగా.

నాయన వంగి, పంచె సర్దుకొని, ఏ మగవాడూ ఎప్పుడూ కూర్చోని ఆడవాళ్ల వైపు, నాకూ నెహెమ్యా మామ భార్యకూ మధ్య జంబుఖానా మీద కూర్చున్నాడు. పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు. నా చెయ్యి తీసి తన మోకాలి మీద పెట్టుకొని, బొటనవేలు విప్పడానికి చూస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఈడ ఇంకా అయిపోలేదయ్యగారూ."